మూడు దుకాణాలు.. ఒక్కటే లెక్క!

* క్లౌడ్ ఈఆర్పీ ఎంచుకునే ముందు వ్యాపారులు చూసుకోవలసినవి ఎన్నో
* పేరును కాదు.. లెక్క ఎక్కడ తెగుతోందో చూడడమే ముఖ్యం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్ వస్తుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మార్గం ప్రారంభమైన నాటి నుంచి ఇది నిమిషాల ప్రయాణం. మనిషి ఇంత త్వరగా చేరుతున్నా, దుకాణం లెక్క మాత్రం అంత త్వరగా చేరడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉదయం అమ్ముడైన సరకు ఎల్బీనగర్ గోదాము పుస్తకంలో తగ్గడానికి వారం పడుతోంది. ఒక్కోసారి నెలాఖరు వరకు ఆగవలసి వస్తోంది. ఒకటికి రెండు మూడు శాఖలు తెరిచిన వ్యాపారులు ఎవరిని కదిలించినా ఇదే గోడు.

ఒక రెడీమేడ్ దుస్తుల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్‌లలో మూడు దుకాణాలు, హయత్‌నగర్ వైపు ఒక గోదాము ఉన్నాయనుకుందాం. పండుగ ముందు ఆదివారం నాడు దిల్‌సుఖ్‌నగర్ కౌంటరుకు వచ్చిన ఖాతాదారు నీలం రంగు 40 సైజు చొక్కా అడుగుతారు. 'అయిపోయిందండీ' అని గుమస్తా చెప్పి పంపుతాడు. అదే సమయంలో ఎల్బీనగర్ దుకాణం అల్మారాలో అవే చొక్కాలు డజను మూలుగుతుంటాయి. వాటి సంగతి తెలియని యజమాని సరఫరాదారుకు మళ్లీ ఆర్డరు పెడతారు. ఒక దుకాణంలో బేరం పోయింది. మరో దుకాణంలో సొమ్ము ఇరుక్కుపోయింది. గోదాములో అదనపు సరకు చేరింది. ఏడాది చివర నిల్వలు లెక్కించినప్పుడు గానీ ఈ నష్టం బయటపడదు.

శిక్షణ కేంద్రాలకు పెట్టింది పేరైన దిల్‌సుఖ్‌నగర్‌లో పై అంతస్తున విద్యార్థులు బహుళజాతి సంస్థల సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటుంటే, కింది అంతస్తు దుకాణాల్లో మాత్రం చిట్టా, ఆవర్జాలే నడుస్తున్న దృశ్యం కొత్తది కాదు. అయితే చట్టాలు, పన్ను నిబంధనలు మారిన నేపథ్యంలో చిట్టాతో నెట్టుకురావడం ఇక కష్టమే. ఇప్పుడు మార్కెట్‌లో కనిపిస్తున్న పరిష్కారం క్లౌడ్ ఈఆర్పీ. ఇందులో ఏది ఎవరికి సరిపోతుంది? ఖర్చెంత? మోసపోకుండా ఉండడమెలా?

అసలేమిటీ ఈఆర్పీ?

కొనుగోళ్లు, నిల్వలు, అమ్మకాలు, ఉత్పత్తి, జీతాలు, జమాఖర్చులు.. వీటన్నింటికీ వేర్వేరు పుస్తకాలు కాకుండా ఒకే పుస్తకం ఉండాలన్నదే ఈఆర్పీలోని మూల సూత్రం. కౌంటరు మీద బిల్లు కొట్టగానే నిల్వ తగ్గాలి, ఖాతాలో అమ్మకం జమ కావాలి, పన్ను లెక్క తేలాలి. ఒకసారి నమోదు చేసిన అంకెను రెండోసారి ఎవరూ రాయనక్కరలేదు. కర్మాగారాల్లో ముడిసరకు అవసరాన్ని లెక్కగట్టేందుకు పుట్టిన ప్రోగ్రాములే క్రమంగా పెరిగి ఈ రూపు దాల్చాయి. అమెరికాకు చెందిన గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ 1990లో వీటికి ఈఆర్పీ అన్న పేరు పెట్టింది. అప్పట్లో ఇవి భారీ సంస్థలకే పరిమితం. సొంత సర్వర్లు, వాటికి ఏసీ గది, నిపుణుల బృందం ఉండవలసి వచ్చేది.

క్లౌడ్‌తో ఆ బరువు తగ్గింది. ఇంట్లో బోరు వేయించుకోవడానికీ, జలమండలి నల్లా కనెక్షన్ తీసుకోవడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. బోరు మనదే. మోటారు కాలితే బాగుచేయించుకునే బాధ్యతా మనదే. నల్లా నీటికి నెలనెలా బిల్లు కట్టాలి. శుద్ధి చేయడం, పంపు చేయడం వారి పని. కానీ నల్లా రాని రోజు ఎదురుచూడడం తప్ప గత్యంతరం లేదు. క్లౌడ్ ఈఆర్పీలో ప్రోగ్రామూ, సమాచారమూ సంస్థ వారి సర్వర్లలో ఉంటాయి. వ్యాపారి ఇంటర్నెట్ ద్వారా బ్రౌజరులో తెరిచి వాడుకుంటారు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. క్లౌడ్ పేరుతో అమ్ముతున్నవన్నీ ఒకటి కాదు. పుట్టుకతోనే ఇంటర్నెట్ కోసం తయారైనవి కొన్ని. కంప్యూటరులో నడిచే మామూలు ప్రోగ్రామునే అద్దె సర్వరులో పెట్టి దూరం నుంచి తెరిచేవి మరికొన్ని. 'క్లౌడ్‌లో టాలీ' అని చెప్పే సేవలు ఎక్కువగా ఈ రెండో కోవకు చెందినవే. మన బోరునే మరొకరి స్థలంలో వేయించుకోవడం వంటిదిది. తప్పేమీ లేదు. కానీ మొదటి రకం ధర చెప్పి రెండో రకం అంటగడితే మాత్రం నష్టపోయేది వ్యాపారే.

వరద నేర్పిన పాఠం

2020 అక్టోబరు రెండో వారంలో కురిసిన కుండపోతకు సరూర్‌నగర్, గడ్డిఅన్నారం, ఎల్బీనగర్, హయత్‌నగర్ పరిసరాల్లోని కాలనీలు నీట మునిగిన సంగతి ఇక్కడి వారెవరూ మరిచిపోలేదు. సెల్లారులో, కింది అంతస్తులో ఉన్న కంప్యూటరు తడిస్తే యంత్రం ఖరీదు కొద్దిపాటిదే. అందులోని బాకీల జాబితా ఖరీదే అసలైనది. ఎవరు ఎంత ఇవ్వాలో కాగితం లేకపోతే అడిగే నోరు ఉండదు. సమాచారం మరో ఊళ్లోని డేటా కేంద్రంలో భద్రంగా ఉండడం క్లౌడ్‌తో కలిగే ప్రధాన ప్రయోజనం. కంప్యూటరులోకి చొరబడి ఫైళ్లకు తాళం వేసి సొమ్ము గుంజే రాన్సమ్‌వేర్ ముఠాల బెడద కూడా దీంతో కొంత తగ్గుతుంది. పాస్‌వర్డు నలుగురికీ చెప్పి, బిళ్లపై రాసి తెరకు అతికిస్తే మాత్రం ఏ మేఘమూ కాపాడలేదు.

చట్టం ఏం చెబుతోంది?

ఈఆర్పీ అవసరాన్ని పెంచినవి పన్ను, కంపెనీ నిబంధనలే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. సరకు రవాణాకు ఈ-వే బిల్లు 2018లో అమలైంది. వ్యాపారుల మధ్య జరిగే అమ్మకాలకు ఈ-ఇన్‌వాయిస్ విధానం 2020 అక్టోబరు 1న రూ.500 కోట్లు దాటిన సంస్థలతో మొదలై, దశలవారీగా కిందికి దిగుతూ 2023 ఆగస్టు 1 నుంచి రూ.5 కోట్లు దాటిన వారందరికీ వర్తించింది. వార్షిక టర్నోవరు రూ.10 కోట్లు, ఆపైన ఉన్నవారు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా పోర్టల్‌లో నమోదు చేయాలన్న గడువు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటితే పోర్టల్ బిల్లును స్వీకరించదు. కొన్న వ్యాపారికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ దక్కడం కష్టమవుతుంది. ఆయన మరుసటి నెల మరో టోకు వ్యాపారిని వెతుక్కుంటారు. నెలాఖరుకు ఒకేసారి బిల్లులు ఎక్కించే అలవాటు ఉన్నవారికి ఇది ప్రమాద ఘంటికే.

ప్రైవేటు లిమిటెడ్ సహా కంపెనీలుగా నమోదైనవాటికి మరో రెండు నిబంధనలున్నాయి. పద్దులో ఏ మార్పు చేసినా ఎప్పుడు, ఏం మార్చారన్న జాడను నమోదు చేసే సాఫ్ట్‌వేరునే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడాలి. ఆ జాడను ఆపేసే వీలు ఉండరాదు. లెక్కల నకలును భారత్‌లో ఉన్న సర్వరులో ప్రతిరోజూ భద్రపరచాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు. విదేశీ సాఫ్ట్‌వేరు తీసుకునేవారు 'మా సమాచారం ఏ దేశంలో ఉంటుంది?' అని ముందే అడగవలసింది ఇందుకే. అమెజాన్ సంస్థ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్ కేంద్రంగానే సర్వర్ల సముదాయాన్ని ప్రారంభించింది. దేశంలోనే నిల్వ చేయడం ఇప్పుడు అసాధ్యమేమీ కాదు.

పన్ను రేట్లు మారినప్పుడు సాఫ్ట్‌వేరు సత్తా తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లను సవరించారు. అంతకుముందు రెడీమేడ్ దుస్తులపై ఒక్కొక్కటి రూ.1,000 వరకు 5 శాతం, ఆపైన 12 శాతం ఉండేది. సవరణతో రూ.2,500 వరకు 5 శాతం, ఆపైన 18 శాతమైంది. అదీ దసరా సందడి మొదలైన రోజున! ఒక్కచోట మారిస్తే అన్ని కౌంటర్లలో మారే ఏర్పాటు ఉన్నవారికి ఇది పూట పని. ఒక్కో కంప్యూటరు తిరిగి మార్చుకోవలసిన వారికి తలనొప్పే.

ఎంపికలు ఇవీ..

టాలీ: 1986లో మొదలైన ఈ బెంగళూరు సంస్థ ప్రోగ్రాము తెలియని గుమస్తా, ఆడిటరు అరుదు. 2020లో టాలీప్రైమ్‌గా కొత్త రూపు దాల్చింది. జమాఖర్చులు, నిల్వలు, జీఎస్టీ పనులకు ఒకటి రెండు చోట్ల ఉన్న వ్యాపారానికి ఇది చాలు. ఈ-ఇన్‌వాయిస్‌నూ నేరుగా పంపవచ్చు. అయితే ఇది ప్రధానంగా కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము. పలు శాఖల్లో అనుమతుల క్రమం, ఉత్పత్తి ప్రణాళిక, కౌంటర్ల నిర్వహణ అన్నీ ఒకేచోట కావాలంటే అదనపు ఏర్పాట్లు చేసుకోవలసి ఉంటుంది.

జోహో: 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై 2009లో జోహోగా మారిన తమిళనాడు సంస్థ ఇది. జోహో బుక్స్, ఇన్వెంటరీ వంటివి పుట్టుకతోనే క్లౌడ్‌వి. దేశంలోనే డేటా కేంద్రాలున్నాయి. 2025లో విడిగా ఈఆర్పీని కూడా తెచ్చింది. నెలవారీ చందా, ఫోనులోనూ వాడుకోవడం, తక్కువ సమయంలో మొదలుపెట్టగలగడం అనుకూలాంశాలు. ఈఆర్పీ విభాగం కొత్తది కనుక, మన రంగంలోని వారు ఇప్పటికే వాడుతుంటే చూసి వచ్చాక నిర్ణయించుకోవడం మేలు.

ఈఆర్పీనెక్స్ట్: ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసింది. మూల ప్రోగ్రాము అందరికీ అందుబాటులో ఉన్న ఓపెన్ సోర్సు. లైసెన్సు రుసుము లేదు. మనిషికింత అన్న లెక్కా లేదు. కొనుగోళ్లు, నిల్వలు, తయారీ అన్నీ ఉన్నాయి. సర్వరు అద్దె, నిర్వహించే నిపుణుడి ఖర్చు మనదే. ఆ నిపుణుడు మధ్యలో వదిలి వెళితే ఇబ్బంది తప్పదు.

ఓడూ: బెల్జియంలో 2005లో టైనీఈఆర్పీగా పుట్టి, 2014లో ఈ పేరు పెట్టుకుంది. ఇందులో రెండు రకాలు. కమ్యూనిటీ రకం ఉచితం. ఎంటర్‌ప్రైజ్ రకానికి మనిషికింత చొప్పున చెల్లించాలి. ఉచిత రకంలో పూర్తిస్థాయి ఖాతాల విభాగం ఉండదన్న సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. దుకాణం కౌంటరు, వెబ్‌సైటు అమ్మకాలు, గోదాము కలిపి నడపడానికి అనువైనది. ఏటా కొత్త సంచిక వస్తుంది. మన కోసం ప్రత్యేకంగా రాయించుకున్న మార్పులు ఎక్కువైతే ప్రతిసారీ వాటిని సరిచేయించుకోవలసి వస్తుంది.

మైక్రోసాఫ్ట్ బిజినెస్ సెంట్రల్: డెన్మార్క్‌కు చెందిన నావిజన్‌ను మైక్రోసాఫ్ట్ 2002లో కొన్నది. దాని వారసురాలే 2018లో వచ్చిన ఈ క్లౌడ్ ఈఆర్పీ. ఎక్సెల్, అవుట్‌లుక్‌లతో కలిసి పనిచేయడం దీని బలం. తయారీ విభాగం కావాలంటే ప్రీమియం రకం తీసుకోవాలి. దీన్ని భాగస్వామ్య సంస్థల ద్వారా అమ్ముతారు. కనుక సాఫ్ట్‌వేరు ఎంత మంచిదో, ఆ భాగస్వామి ఎంత మంచివారో చూడడం అంతే ముఖ్యం.

శాప్: 1972లో జర్మనీలో మొదలైన ఈ సంస్థ భారీ పరిశ్రమలకు పెట్టింది పేరు. చిన్న, మధ్యతరహా సంస్థలకు బిజినెస్ వన్ అనే ప్రోగ్రామును భాగస్వాముల ద్వారా అమ్ముతోంది. దాన్ని అద్దె సర్వరులోనూ నడుపుకోవచ్చు. ఎస్4హానా క్లౌడ్‌ను మధ్యస్థాయి సంస్థలకు చేరువ చేసేందుకు 2023లో 'గ్రో' పథకం తెచ్చింది. తయారీ, ఎగుమతులు, కఠిన ఆడిట్లు ఉన్నవారికి ఇది ఆలోచించదగినది. మూడు దుకాణాల వ్యాపారానికి మాత్రం బరువెక్కువ.

నెట్‌సూట్: 1998లో మొదలైంది. క్లౌడ్ అన్న మాట వాడుకలోకి రాకముందే ఇంటర్నెట్‌లో నడిచిన ఈఆర్పీ. 2016లో ఒరాకిల్ 930 కోట్ల డాలర్లకు కొన్నది. అమెరికాలో, దుబాయిలో అనుబంధ సంస్థలు ఉండి, పలు కరెన్సీల లెక్కలు ఒకచోట కలపవలసిన వారికి అనువైనది. స్థానికంగానే వ్యాపారం చేసేవారికి ఆ సౌకర్యాల్లో చాలావాటితో పని ఉండదు.

ఎవరికి ఏది?

ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.10 కోట్ల వరకు టర్నోవరు ఉన్నవి సూక్ష్మ, 100 కోట్ల వరకు చిన్న, 500 కోట్ల వరకు మధ్యతరహా సంస్థలు. యంత్రాలపై పెట్టుబడికీ వేరే పరిమితులున్నాయి. కానీ సాఫ్ట్‌వేరు ఎంపికకు టర్నోవరు కంటే వ్యాపార స్వభావమే కొలమానం.

దుస్తులు, పాదరక్షల వ్యాపారికి రంగు, సైజుల వారీగా నిల్వ, శాఖల మధ్య బదిలీ కీలకం. ఔషధ పంపిణీదారుకు బ్యాచి నంబరు, గడువు తేదీ, పదికి ఒకటి ఉచితం వంటి పథకాల లెక్క ప్రాణం. ఆటోనగర్‌లో విడిభాగాలు అమ్మేవారికి వేల రకాల పార్టు నంబర్లలో కావలసినది క్షణంలో దొరకాలి. లారీ బాడీలు కట్టేవారికి ఒక్కో బండికి ఎంత ఇనుము, ఎంత కూలీ పడిందో తేలాలి. నగల దుకాణంలో గ్రాములు, తరుగు, మజూరీ, రోజూ మారే ధరతో పాటు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ప్రతి వస్తువుకూ ఉండాలి. సాధారణ ఈఆర్పీ ఏదీ నగల లెక్కను ఉన్నపళంగా చేసి పెట్టదు. ఇటువంటి వారు తమ రంగానికే తయారైన సాఫ్ట్‌వేరు తీసుకుని, దాన్ని ఖాతాల ప్రోగ్రాముతో అనుసంధానించుకోవడం ఉత్తమం. కోచింగ్ కేంద్రాలకు గోదాము విభాగంతో పనే లేదు. ఫీజు వాయిదాలు, హాజరు, హాస్టలు లెక్కలు చూసేది చాలు.

ఉచితం నిజంగా ఉచితమేనా?

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ సంస్థ ధరలూ కావు. పోల్చడం ఎలాగో తెలియజేసేందుకు అనుకున్న అంకెలు మాత్రమే. మన దుస్తుల వ్యాపారంలో 25 మంది సాఫ్ట్‌వేరు వాడతారు. మనిషికి నెలకు రూ.1,500 చందా అనుకుంటే నెలకు రూ.37,500. ఏడాదికి రూ.4.5 లక్షలు. అయిదేళ్లకు రూ.22.5 లక్షలు.

ఇక లైసెన్సు రుసుము లేని ఓపెన్ సోర్సు సంగతి. సర్వరు అద్దె నెలకు రూ.15,000, నిర్వహణ ఒప్పందం నెలకు రూ.30,000 అనుకుందాం. నెలకు రూ.45,000. అయిదేళ్లకు రూ.27 లక్షలు! ఉచితమే ప్రియమైంది. అయితే వ్యాపారం పెరిగి వాడేవారు 50 మంది అయితే? చందా అయిదేళ్లకు రూ.45 లక్షలవుతుంది. ఓపెన్ సోర్సు ఖర్చు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అంటే ఏది చవక అన్నది సాఫ్ట్‌వేరు పేరుతో తేలదు, రాబోయే అయిదేళ్లలో ఎంతమంది వాడతారన్న దానితో తేలుతుంది. వీటికి తోడు మొదట్లో అమర్చే రుసుము, పాత లెక్కలు ఎక్కించే ఖర్చు, సిబ్బంది శిక్షణ, ఏటా చందా పెంపు కలుపుకోవాలి. చందా సేవలపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అర్హులు దాన్ని క్రెడిట్‌గా పొందవచ్చు.

ఒక చిట్కా. రోజంతా నమోదు చేసేవారికి, వారానికోసారి నివేదిక చూసుకునేవారికి ఒకే రుసుము కట్టనక్కరలేదు. కొన్ని సంస్థలు చూసేవారి కోసం తక్కువ ధర లైసెన్సులు ఇస్తున్నాయి. ఎవరు ఏం చేస్తారో జాబితా రాసుకుని బేరం ఆడితే ఖర్చు తగ్గుతుంది.

పెద్దలే బోల్తా పడ్డారు..

సొమ్ము ఉన్నంత మాత్రాన ఈఆర్పీ గట్టెక్కదు. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ సంస్థ 1999 జులైలో కొత్త వ్యవస్థకు మారింది. తొందరపడి పనిని కుదించడం, అదీ హాలోవీన్ పండుగ అమ్మకాల ముందు మారడంతో ఆర్డర్లు చిక్కుబడ్డాయి. గోదాముల్లో సరకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయింది. మన దగ్గర బతుకమ్మ, దసరా ముందు కొత్త సాఫ్ట్‌వేరు మొదలుపెట్టడం కూడా అటువంటిదే. ఏప్రిల్ 1 లెక్కలకు మంచి రోజే. కానీ పెళ్లి ముహూర్తాలతో నడిచే వ్యాపారానికి, జూన్‌లో బడుల సీజను ఉన్నవారికి అది రద్దీ కాలం కావచ్చు. ఎవరి గిరాకీ తక్కువ ఉన్న నెల వారు ఎంచుకోవాలి.

జర్మనీకి చెందిన లిడిల్ సూపర్ మార్కెట్ల గొలుసు 2011లో మొదలుపెట్టిన ఈఆర్పీ ప్రాజెక్టును 2018లో ఆపేసింది. అప్పటికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయినట్టు వార్తలొచ్చాయి. నిల్వల విలువను కొన్న ధరకు కట్టడం ఆ సంస్థ అలవాటు. సాఫ్ట్‌వేరు అమ్మే ధరకు కడుతుంది. సంస్థ తన పద్ధతి మార్చుకోలేదు. సాఫ్ట్‌వేరునే మార్చుకుంటూ పోయి చివరకు మునిగింది. మన అలవాట్లలో ఏది వ్యాపారానికి ప్రాణమో, ఏది కేవలం మొండిపట్టో ముందే తేల్చుకోవాలన్నది ఇందులోని పాఠం.

ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి

సాఫ్ట్‌వేరు కొనడానికి నెల ముందే చేయవలసిన పని ఒకటుంది. ఒకే వస్తువు దిల్‌సుఖ్‌నగర్ పుస్తకంలో 'చొక్కా 40 నీలం' అని, కొత్తపేటలో 'నీలం షర్ట్ 40' అని, ఎల్బీనగర్‌లో 'బ్లూ షర్ట్ 40' అని ఉంటే కంప్యూటరుకు అవి మూడు వస్తువులు. ఎంత ఖరీదైన ఈఆర్పీ అయినా తప్పుడు లెక్కనే వేగంగా చూపిస్తుంది. వస్తువుల పేర్లు, ఖాతాదారుల పేర్లు, జీఎస్టీ నంబర్లు, రావలసిన బాకీలు.. వీటిని ఒక్క తీరుకు తేవాలి. నిల్వలను స్వయంగా లెక్కపెట్టాలి. పాత పద్ధతిని, కొత్త పద్ధతిని కనీసం నెల రోజులు పక్కపక్కనే నడిపి రెండూ సరిపోలాకే పాతది మూసేయాలి.

ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తాను పక్కనబెట్టి ఈ పని చేయబూనితే బెడిసికొడుతుంది. ఏ ఖాతాదారుకు ఎంత వరకు అరువివ్వవచ్చో, ఏ సరకు ఏ నెలలో కదులుతుందో ఆయనకే తెలుసు. తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే ఈ యంత్రం వచ్చిందని ఆయన అనుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ నిలవదు. మొదటి శిక్షణ ఆయనకే ఇప్పించాలి. తెర మీద తెలుగు కనిపిస్తుందా, లేకుంటే గోదాములో పనిచేసేవారు ఎలా వాడాలి అన్నదీ చూసుకోవాలి.

డెమోలో ఇవి అడగండి

* ఇంటర్నెట్ తీగ ఊడదీసి బిల్లు కొట్టి చూపమనండి. ఆదివారం సాయంత్రం రద్దీలో నెట్ పోతే కౌంటరు ఆగాలా, నడుస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది.
* వారు తెచ్చిన నమూనా కాకుండా మీ సొంత బిల్లులు 50 ఇచ్చి చేయించండి. వాపసు, మార్పిడి, సగం నగదు సగం యూపీఐ వంటివి అందులో ఉండాలి.
* ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు నేరుగా వెళతాయా? ప్రతి బిల్లుకూ వేరే రుసుము ఉందా?
* ధర తగ్గించే అధికారం, పద్దు తొలగించే అధికారం ఎవరికివ్వాలో మీరే నిర్ణయించుకునే వీలుందా?
* సమస్య వస్తే ఎవరు వస్తారు? ఆదివారం ఫోను ఎత్తుతారా? ఎంతసేపట్లో అన్నది ఒప్పందంలో రాసి ఉందా?
* ప్రధాన ఖాతా ఎవరి పేరున ఉంటుంది? అమర్చడానికి వచ్చిన కుర్రవాడి సొంత ఈమెయిలుతో తెరిస్తే రేపు తాళం అతని దగ్గరే ఉంటుంది. యజమాని పేరున, సంస్థ ఈమెయిలుతో ఉండాలి.
* ఖాతాదారుల ఫోను నంబర్లకు రక్షణ ఏమిటి? వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి.

వెళ్లే దారి ముందే చూడాలి

ఈ ప్రశ్నలన్నింటి కంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. రేపు ఈ సాఫ్ట్‌వేరు వద్దనుకుంటే మా లెక్కలు మాకిస్తారా? ఏ రూపంలో? ఎన్ని రోజుల్లో? ఎంత తీసుకుని? కంపెనీలు తమ లెక్కలను ఎనిమిదేళ్లు భద్రపరచాలని చట్టం చెబుతోంది. జీఎస్టీ రికార్డులకూ ఏళ్ల తరబడి గడువుంది. చందా ఆగిన మరుసటి రోజు తలుపు మూసుకుంటే పాత బిల్లు ఒక్కటి కూడా తీయలేని పరిస్థితి వస్తుంది. వస్తువుల జాబితా, పద్దులు, బాకీలు, బిల్లుల నకళ్లు ఎక్సెల్ వంటి మామూలు ఫైళ్లుగా దించుకునే వీలుండాలి. ఆ సంగతి నోటిమాటగా కాకుండా ఒప్పందంలో ఉండాలి. నెలకోసారి దించుకుని ఇంట్లో విడిగా దాచుకునే అలవాటు చేసుకుంటే ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడనక్కరలేదు.

చివరగా ఒక్క మాట. సాఫ్ట్‌వేరు అమ్మేవారిని పిలవడానికి ముందు ఒక తెల్ల కాగితం తీసుకోవాలి. గత ఏడాదిలో లెక్క ఎక్కడెక్కడ తెగిందో రాయాలి. సరకు ఉండీ లేదన్న రోజులు, గడువు దాటిన బిల్లులు, వసూలు కాని బాకీలు, కనిపించకుండా పోయిన నిల్వలు.. ఒక్కోదాని పక్కన పోయిన సొమ్ము వేయాలి. ఆ కాగితంలో ఖాతాల చిక్కు ఒక్కటే ఉంటే ఉన్న ప్రోగ్రామును చక్కగా వాడుకోవడమే చాలు. శాఖల మధ్య సరకు, అరువు, గోదాము అన్నీ ఉంటే ఈఆర్పీ కావాలి. మొత్తం అయిదేళ్ల ఖర్చు కంటే ఆ కాగితం మీది నష్టం తక్కువైతే, ఎంత పెద్ద పేరున్న సాఫ్ట్‌వేరు అయినా ఈ ఏటికి వద్దనడమే వ్యాపార లక్షణం.